కెల్విన్ స్టార్ ట్రెక్ సినిమాలు ఇన్నేళ్లకు నాకు ఎక్కాయి

పాతరీలు | హైదరాబాద్

2009లో కొత్త స్టార్ ట్రెక్ వచ్చినప్పుడు ఈ వేదికలో నేనెంత చిందులు తొక్కానో పాతకాపులకి గుర్తుండే ఉంటుంది. ఆ పోస్టులు తవ్వి తీయొద్దని మనవి. పోయిన వారం ఆ వరస సినిమాలు మూడూ (మొదటిదాంట్లో నాశనమయ్యే కెల్విన్ ఓడ పేరుతో పిలుస్తాం వీటిని) చూశాను: 2009ది, 2013లో వచ్చిన ‘ఇన్‌టు డార్క్‌నెస్’, 2016లో వచ్చిన ‘బియాండ్’. మొదటిది హాయిగా ఉంది. మూడోది చాలా బాగుంది. రెండోదాని సంగతి మెల్లగా మాట్లాడుకుందాం, పొద్దున్నే బీపీ ఎందుకు.

నా సంగతి తెలియనివాళ్ల కోసం: ఎనభైల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో అరవైల నాటి అమెరికన్ అంతరిక్ష సీరియల్ స్టార్ ట్రెక్ వస్తే నోరు తెరుచుకుని చూసిన బ్యాచి మాది. మాటలు సగం అర్థమయ్యేవి కావు. పైగా బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఎర్ర చొక్కా వేసుకున్నవాడు ఎపిసోడ్ అయ్యేలోపు పోతాడని లోకమంతా నవ్వుకునే జోకు మాకు చాలా ఏళ్ల దాకా తెలియదు. మా టీవీలో అందరి చొక్కాలూ బూడిద రంగే. ఎవడు పోతాడో తెలియక ప్రతివాడి గురించీ బెంగపడేవాళ్లం.

అలాంటి సరుకుని తీసుకెళ్లి దర్శకుడు జె.జె. ఏబ్రమ్స్ చేతిలో పెట్టారు. తనది స్టార్ వార్స్ పార్టీ అని ఆయనే చెప్పుకున్నాడు. థియేటర్లో చూస్తే తెరంతా లైట్ల మెరుపులు. తర్కం తప్ప మాట్లాడని అధికారి స్పాక్ పుట్టిన వల్కన్ గ్రహాన్ని మింగేశారు. స్పాక్‌కీ ఉహూరాకీ ప్రేమ పెట్టారు. పరీక్షలో మోసం చేసి అకాడమీలో సస్పెన్షన్ మీదున్న కుర్రాడు కిర్క్ సినిమా అయ్యేసరికి ఎంటర్‌ప్రైజ్ ఓడకి కెప్టెన్ అయి కూర్చున్నాడు. ఒళ్లు మండింది.

మొన్న చూసినప్పుడు నన్ను పట్టుకున్నది మెకాయ్. అంతరిక్షంలో ఎగరాలంటే హడలిపోయే డాక్టరు, విడాకుల్లో పెళ్లాం ఆస్తంతా ఊడ్చుకుపోయిందని సణుక్కుంటూ షటిల్లో కిర్క్ పక్కన కూలబడతాడు చూడండి, అక్కడ. కార్ల్ అర్బన్ పాత నటుడు డీఫారెస్ట్ కెల్లీని అనుకరించడు. కానీ ఆ సణుగుడు కెల్లీదే, ఆ కనుబొమ్మ కెల్లీదే. ఆయన 1999లో పోయాడు. మళ్లీ చూస్తాననుకోలేదు.

నాకు ట్రెక్ అంటే గ్రహాలూ ఓడలూ తర్వాత. కిర్క్, స్పాక్, మెకాయ్ ముగ్గురూ ఒక గదిలో నిలబడి, ఏం చెయ్యాలో తేలక పోట్లాడుకోవడమే ముందు. ఆ పోట్లాట ఈ సినిమాల్లో ఉంది. దానికోసం మిగతావి చాలా సహించాను.

మీ సంగతేంటి?

స్పాక్‌చెవులు | విశాఖపట్నం

బాబాయ్, నువ్వు కూడానా. ఇక నేనొక్కణ్ణే మిగిలాను ఈ పార్టీలో.

నటుల మీద నాకు ఎప్పుడూ పేచీ లేదు. క్రిస్ పైన్, జాకరీ క్వింటో, జో సల్డానా, సైమన్ పెగ్, జాన్ చో, ఆంటన్ యెల్చిన్, అందరూ సరిపోయారు. గొడవ కథతోనే. పగ తీర్చుకునే విలన్ లేకుండా వీళ్లకి సినిమా రాయడం రాదు. 1982లో ఖాన్. 2002లో షింజాన్. 2009లో నీరో. 2013లో మళ్లీ ఖాన్. 2016లో ఇంకెవడో. ముప్పై ఏళ్లకు పైగా ఒకడే పళ్లు కొరుకుతున్నాడు.

1967లో ‘డెవిల్ ఇన్ ది డార్క్’ అని ఒక ఎపిసోడ్. గనిలో పనివాళ్లని ఏదో జంతువు చంపుతోంది. వెళ్లి చంపమని కిర్క్‌ని పిలిపిస్తారు. తీరా చూస్తే అది తన గుడ్లని కాపాడుకుంటున్న తల్లి, ఆ గుడ్లని పగలగొడుతున్నది గనివాళ్లు. కిర్క్ ఆయుధం దించుతాడు, చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొస్తారు. దాన్ని అట్టముక్కలూ రబ్బరూ పెట్టి తీశారు. కొత్త సినిమాలకి 15 కోట్ల డాలర్లు, 19 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టారు, అందులో ఒక్కసారైనా ఎదుటివాడి బాధ అర్థమై ఆయుధం దించిన సీను ఉందా?

మధ్యాహ్నం_ఆట | తెనాలి

2009 సినిమాలో ఒక నక్షత్రం పేలితే గెలాక్సీ మొత్తానికి ముప్పు అంట. రాయి విసిరితే ఊరంతటికీ బొప్పి కట్టినట్టు. ఆ డైలాగు దగ్గరే నేను పాప్‌కార్న్ కోసం లేచాను.

వరంగల్_వార్ప్ | హన్మకొండ

నాది ఉల్టా కథ అన్నా. నేను 2009 సినిమాతోనే షురూ చేసిన. బీటెక్ చదువుతుంటి అప్పుడు, హాస్టల్ల దోస్తు ల్యాప్‌టాప్ మీద చూసిన. మొదటి పది నిమిషాల్లనే పడిపోయిన. కెల్విన్ ఓడ మీద దాడి, కిర్క్ వాళ్ల నాయిన జార్జ్ కిర్క్ పన్నెండు నిమిషాలు కెప్టెన్‌గ ఉండి ఎనిమిది వందల మందిని బయటవడేసి, తను ఓడతోని గుద్దుకోని సచ్చిపోతడు. అవుతల కొడుకు పుడుతుంటడు. అప్పుడు ఆ యాక్టర్ క్రిస్ హెమ్స్‌వర్త్ అని ఎవలకు తెల్వది.

అది చూసినంకనే పాత సీరియల్ ఎతుక్కున్న. మొత్తం 79 ఎపిసోడ్లు. గది రాకపోతె నేను ఎన్నడు కిర్క్ మొహం చూడకపోదును. పాతోళ్లు రీబూట్‌ని తిట్టేటప్పుడు గీ సంగతి యాది పెట్టుకోవాలె. మాకు తలుపు తీసింది గదే.

సూపర్‌నోవా ముచ్చట మాత్రం నేను కూడ ఒప్పుకోను. రెడ్ మ్యాటర్ అంటే ఎర్రగ ఒక బుగ్గ, సుక్కేస్తె బ్లాక్ హోల్ తయారు. ఫిజిక్స్ సార్ చూస్తె గోడకు తల కొట్టుకుంటడు.

స్పాక్‌చెవులు

> మాకు తలుపు తీసింది గదే.

ఇది మాత్రం కాదనలేను తమ్ముడూ. 2005లో ‘ఎంటర్‌ప్రైజ్’ సీరియల్ ఆపేశాక దుకాణం మూసేసినట్టే ఉండేది.

అయితే నా అసలు బాధ వేరే. పాత ట్రెక్‌లో కాలంలో వెనక్కి వెళ్లి ఎవరైనా చరిత్ర చెడగొడితే, దాన్ని సరిచేసి తీరాలి. 1967లో ‘సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’లో చరిత్ర నిలబడ్డం కోసం కిర్క్ తను ప్రేమించిన మనిషి చనిపోతుంటే చూస్తూ ఊరుకుంటాడు. 1996 సినిమాలో తర్వాతి తరం కెప్టెన్ పికార్డ్ కూడా అంతే, వెనక్కి వెళ్లి బాగుచేసి వస్తాడు. 2009లో వల్కన్ గ్రహం పోయింది, ఆరు వందల కోట్ల మంది పోయారు, మిగిలింది పదివేలు. ఒక్కడంటే ఒక్కడు దీన్ని వెనక్కి తిప్పలేమా అని అడగడు. పక్కన భవిష్యత్తు నుంచి వచ్చిన ముసలి స్పాక్ ఉన్నాడు, కాలంలో వెనక్కి వెళ్లడం ఎలాగో ఆయనకి తెలుసు. వల్కన్‌కి కనీసం ఒక ప్రయత్నం దక్కాలి కదా.

పాతరీలు

చెవులూ, బాగా అడిగావు. నేనూ ఇక్కడే చాలా ఏళ్లు ఇరుక్కున్నాను.

కానీ వాళ్లు సరిచేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. సినిమా చివర్లో అన్నీ యథాస్థానానికి వచ్చేస్తే, ఇక అక్కణ్ణుంచి మనకి తెలిసిన కథే మళ్లీ కొత్త మొహాలతో నడవాలి. సరిచెయ్యకుండా వదిలేశారు కాబట్టే పాతది పాతగా, కొత్తది కొత్తగా మిగిలాయి. భవిష్యత్తు నుంచి వచ్చిన విలన్ నీరో ఓడ 2233లో దిగినచోట కాలం రెండు పాయలైంది. పాత సీరియల్లో షాట్నర్ వేసిన కిర్క్ అక్కడే ఉన్నాడు, ఎవరూ ముట్టుకోలేదు. సాధారణంగా రీబూట్ అంటే పాతదాన్ని చెరిపేసి మళ్లీ రాయడం. వీళ్లు చెరపకుండా పక్క పేజీ తిప్పారు. దీన్ని ఏ నిర్మాతా చెయ్యక్కర్లేదు, కొత్త ప్రేక్షకుడికి దీనితో పనే లేదు. మనలాంటి ముసలి ప్రాణాల కోసమే పెట్టారు.

ఇంకోటి. 1994లో ‘జనరేషన్స్’ సినిమాకి అడిగితే పాత స్పాక్ నటుడు లియొనార్డ్ నిమోయ్ కాదన్నాడు. 2009 సినిమాలో ముసలి స్పాక్‌గా వెయ్యడానికి ఒప్పుకున్నాడు. ఆ స్పాక్ ఎవరో గుర్తుచేసుకో. 1991లో పికార్డ్ సీరియల్ ‘నెక్స్ట్ జెనరేషన్’లో రెండు భాగాల ఎపిసోడ్ వచ్చింది కదా, స్పాక్ రహస్యంగా శత్రువులైన రోములన్ల గ్రహం రోములస్‌కి వెళ్లి వల్కన్లనీ రోములన్లనీ కలపాలని చూస్తాడు. అదే మనిషి 2387లో ఆ పేలే నక్షత్రం నుంచి రోములస్‌ని కాపాడబోయి ఆలస్యమైపోయి, ఆ పొరపాటు వల్ల తన వల్కన్ కూలిపోవడం మంచుగ్రహం మీద నిలబడి కళ్లారా చూస్తాడు. శత్రువుల ఇల్లు నిలబెట్టబోయి సొంత ఇల్లు పోగొట్టుకున్నాడు. ఇందులో నీరో పగ నాకు చిన్నగా కనిపిస్తోంది. ఇది స్పాక్ కథ.

2020లో వచ్చిన ‘పికార్డ్’ సీరియల్లో ఆ రోములస్ సూపర్‌నోవానే ఆధారం చేసుకున్నారు. అంటే పాత పాయవాళ్లు కూడా ఈ సినిమాని తమ చరిత్రలో కలుపుకున్నారన్నమాట.

పగ విలన్ల గురించి: 1982 సినిమాని మనమంతా నెత్తిన పెట్టుకుంటాం, అది పచ్చి పగ కథ. పగ లేకుండా తీసిన 1979 సినిమాకి నువ్వు కునుకు తీశావని నువ్వే రాశావిక్కడ. అసలు మొట్టమొదటి పైలట్ (నమూనా ఎపిసోడ్) ‘ది కేజ్’ని ఎన్‌బీసీ టీవీవాళ్లు మరీ మెదడుకి మేత ఎక్కువైందని వెనక్కి కొట్టారు. రెండో పైలట్లో కిర్క్ చొక్కా చింపుకుని ముష్టియుద్ధం చేశాక 1966లో సీరియల్ మొదలైంది. తన్నులాట మొదటి రోజు నుంచీ ఉంది.

మధ్యాహ్నం_ఆట

చొక్కా చిరగడం షాట్నర్ ఒప్పందంలో ఉండేదని నా అనుమానం.

నక్షత్ర | న్యూజెర్సీ

రెండో సినిమా గురించి ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి నేనే ఎత్తుతాను. పాతరీలు గారూ, బీపీ మాత్ర వేసుకోండి.

ఖాన్ నూనియన్ సింగ్. 1967 ఎపిసోడ్లో అతను ఉత్తర భారతదేశం మనిషి అయ్యుంటాడనీ, సిక్కు కావచ్చనీ ఓడలో చరిత్రకారిణి చెబుతుంది. వేసింది మెక్సికో నటుడు రికార్డో మాంటల్‌బాన్. అప్పటి అమెరికన్ టీవీలో అదే గొప్ప. 2013కి వచ్చేసరికి బెనెడిక్ట్ కంబర్‌బాచ్! మంచి నటుడే, గొంతు అద్భుతం, కానీ ఆ పేరు ఆ మొహానికి ఎలా అతికించారు? విడుదలకి ముందు ఖాన్ కాదు కాదని దాచిపెట్టారు కూడా. తీరా థియేటర్లో పేరు చెబితే కొత్తవాళ్లకి ఆ పేరంటే ఏంటో తెలియదు, పాతవాళ్లకి మండింది.

విచిత్రం ఏమిటంటే మన ఉపఖండం మనుషులకి ట్రెక్‌లో చోటు లేకేం కాదు. 1979 సినిమాలో నావిగేటర్ ఇలియా మన పర్సిస్ ఖంబాటా. 1965 మిస్ ఇండియా, పాత్ర కోసం గుండు కొట్టించుకుంది. 1986 ‘వాయేజ్ హోమ్’లో ఒక స్టార్‌షిప్ కెప్టెన్‌గా టెన్నిస్ విజయ్ అమృత్‌రాజ్ కనిపిస్తాడు. 2009లో కెల్విన్ కెప్టెన్ రొబావ్‌గా వేసింది పాకిస్తానీ మూలాలున్న ఫరాన్ తాహిర్. ఓడ ఇంజనీరు స్కాటీ పక్కన తిరిగే కీన్సర్ అనే చిన్న జీవి డీప్ రాయ్, భారతీయ కుటుంబంలో నైరోబీలో పుట్టినాయన. ఇంతమందిని వెతికి పట్టుకున్నవాళ్లకి సింగ్ అనే పేరున్న పాత్రకే మనిషి దొరకలేదు.

పాతరీలు

అమ్మా నక్షత్రా, మాత్ర వేసుకున్నాను. ఒక్క అక్షరం కూడా కాదనను. రెండోది నాకు ఇప్పటికీ ఎక్కలేదు. 1982లో స్పాక్ గాజుగోడ అవతల చనిపోయే సీనుని తిరగేసి కిర్క్‌ని అవతల పెట్టారు. అక్కడ పదిహేనేళ్ల స్నేహం ఉంది, ఇక్కడ రెండు సినిమాల పరిచయం. పైగా ఖాన్ నెత్తురు ఎక్కించి బతికించేశారు. చావుకి మందు కనిపెట్టాక ఇక మెకాయ్ ఎందుకు? 2013 ఆగస్టులో లాస్ వేగాస్ అభిమానుల సభలో ఓటేసి దీన్ని అన్నిటికన్నా చివర పెట్టారు. నేనక్కడ ఉంటే రెండు చేతులూ ఎత్తేవాణ్ణి.

వరంగల్_వార్ప్

ఒక్క మంచి ముచ్చట చెప్త రెండోదాని గురించి. వార్ప్ కోర్, అంటే ఎంటర్‌ప్రైజ్ ఇంజన్, సెట్టు కాదది, నిజం జాగ. కాలిఫోర్నియాల లివర్‌మోర్ ల్యాబ్, నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ. 192 లేజర్లు ఒక్కదగ్గర కొట్టి హైడ్రోజన్‌ని కలిపే ఫ్యూజన్ ప్రయోగం నడిచే బిల్డింగు. 2022 డిసెంబర్ల గాడనే 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తి కొడితె 3.15 మెగాజౌళ్లు బయటికొచ్చినయ్. ప్రపంచంల మొదటిసారి. లేజర్లు నడవనీకి పట్టే కరెంటు దానికి వంద రెట్ల దాకా ఉంటది, అది వేరే లెక్క. కాని సిన్మాల ఎంటర్‌ప్రైజ్ ఇంజన్‌గ నటించిన బిల్డింగు తొమ్మిదేండ్లకు నిజంగ సూర్యుని పని చేసింది. నాకైతె రోమాలు లేచినయ్.

2009 సిన్మాల ఇంజన్ రూము మాత్రం లాస్ ఏంజిలస్ దగ్గరి బీరు ఫ్యాక్టరీ. గది చూస్తె తెలుస్తది కూడ, అన్ని గొట్టాలే.

మధ్యాహ్నం_ఆట

స్కాటీ అంత హుషారుగా ఎందుకున్నాడో ఇప్పుడు తెలిసింది.

వేదిక నిర్వాహకుడు

స్టార్ వార్స్ గొప్పదా స్టార్ ట్రెక్ గొప్పదా అంటూ ఇద్దరు కొత్త సభ్యులు పెట్టిన పోస్టులు వేరే దారానికి మార్చాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ అన్ని సినిమాల కథలూ బయటపడుతున్నాయి, చూడనివాళ్లు చూసుకుని చదవండి.

నక్షత్ర

మొదటి సినిమాకి నా తరఫున ఒక మార్కు: ఉహూరా. నిచెల్ నికోల్స్ ఆ పాత్రని మూడు సీజన్లు మోసినా ఆమె మొదటి పేరేమిటో తెర మీద ఎవరూ పలకలేదు. 2009లో నియోటా అని మొదటిసారి వినిపించింది, అదీ కిర్క్ ఎంత అడిగినా చెప్పని పేరు స్పాక్ నోట. ఆ ప్రేమ చాలామందికి నచ్చలేదని తెలుసు. నాకు నచ్చింది. వల్కన్ పోయి, తల్లి కళ్లముందే పోయాక లిఫ్టులో ఆ పిల్ల అతన్ని ఏం కావాలని అడుగుతుంది. ఓడ మొత్తంలో అతన్ని అలా అడిగింది ఆమె ఒక్కతే.

స్పాక్‌చెవులు

వల్కన్‌కి ఓడలో ఫోన్లు ఎత్తే అమ్మాయితో ముద్దులు. సరే.

నక్షత్ర

ఫోన్లు ఎత్తే అమ్మాయి కాదు, భాషల నిపుణురాలు. రోములన్ మాండలికాలు మూడూ వచ్చు. మీ సినిమా మీకే సరిగ్గా గుర్తు లేదు చెవులు గారూ. పోనీ, మూడో సినిమాలో ఆ ప్రేమని ఎంత సరదాగా వాడుకున్నారో చూడలేదా? స్పాక్ ఆమెకి వల్కన్ రాయి ఉన్న గొలుసు ఇచ్చి ఉంటాడు. ఆ రాయి నుంచి వచ్చే రేడియేషన్‌ని పట్టుకుని ఆమె ఎక్కడుందో కనుక్కుంటారు. ప్రియురాలికి జాడ చెప్పే యంత్రం కట్టావా అని మెకాయ్ ఉతికేస్తాడు. స్పాక్ ముఖంలో ఆ గిలగిల చూసి ఎంత నవ్వుకున్నామో.

స్పాక్‌చెవులు

మూడోది... ట్రైలర్ చూశాను.

పాతరీలు

ఏంటీ?

వరంగల్_వార్ప్

ట్రైలర్ ఒక్కటేనా??

మధ్యాహ్నం_ఆట

ఇన్నేళ్లుగా సినిమా చూడకుండానే తిడుతున్నాడండీ ఈయన. రాజకీయాల్లోకి వెళ్లాల్సిన మనిషి.

స్పాక్‌చెవులు

రెండోది చూశాక ఎవడు వెళతాడు మూడోదానికి? ట్రైలర్లో కిర్క్ మోటార్‌సైకిల్ మీద గాల్లో ఎగురుతున్నాడు, వెనక రాప్ పాట. డైరెక్టరేమో ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ జస్టిన్ లిన్. నేను తొంభైల్లో స్టార్ ప్లస్‌లో పికార్డ్ టీ తాగుతూ దౌత్యం చేస్తే చూసి పెరిగినవాణ్ణి. నా డబ్బు నేను కాపాడుకున్నాను.

షార్జా_సుబ్బు | షార్జా

మూడోది చూడకపోతే మా ఊరు మిస్సయ్యారండి. అంటే పక్క ఊరు. అందులో యార్క్‌టౌన్ అని గాజు గోళంలో ఉన్న అంతరిక్ష నగరం ఉంటుంది కదా, దానికి దుబాయ్‌లోనే షూటింగ్ చేశారు. నేను రోజూ ట్రాఫిక్‌లో తిట్టుకుంటూ చూసే టవర్లని కాస్త వంచి, తలకిందులు చేసి, మధ్యలో ఓడలు పారించారు. ఇక్కడి థియేటర్లో జనం ‘అదిగో అదిగో’ అని చూపించుకున్నారు. భూమి ఆకర్షణ ఒకో వీధికి ఒకో దిక్కున ఉంటుంది అక్కడ. పార్కింగ్ మాత్రం అప్పుడు కూడా దొరకదనుకుంటా.

పాతరీలు

చెవుల కోసం మూడోదాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. కథ మొత్తం చెప్పను, నేను ఎందుకు మెత్తబడ్డానో చెబుతాను.

అయిదేళ్ల యాత్రలో మూడో ఏడాది. కిర్క్‌కి విసుగొచ్చింది. ఎంత దూరం వెళ్లినా అంతులేని చోట రోజుకీ రోజుకీ తేడా తెలియడం లేదు. పుట్టినరోజు దగ్గరపడింది, తండ్రి బతికిన వయసు దాటేశాడు. ఓడ వదిలేసి యార్క్‌టౌన్‌లో కుర్చీ ఉద్యోగం చేద్దామనుకుంటున్నాడు. అటు స్పాక్‌కి ముసలి స్పాక్ పోయాడన్న కబురొచ్చింది, ఆయన పని తాను చెయ్యాలని కొత్త వల్కన్‌కి వెళ్లిపోవాలని ఉంది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవడం లేదు. ఇద్దరి సంగతీ తెలిసిన మెకాయ్ నడిమధ్య నలుగుతున్నాడు. పాత సీరియల్లో ఇలాంటి ఎపిసోడ్ ఉండాల్సింది, ఎందుకు తీయలేదో అనిపించింది నాకు.

తర్వాత ఎంటర్‌ప్రైజ్‌ని తేనెటీగల్లాంటి వేల ఓడలు చీల్చి పారేస్తాయి. మనుషులు గ్రహం మీద చెల్లాచెదురవుతారు, ఇద్దరిద్దరుగా. ఇక్కడే సైమన్ పెగ్, డగ్ జంగ్ రాసినదాంట్లో తెలివి ఉంది. స్పాక్‌నీ మెకాయ్‌నీ ఒకచోట పడేశారు. స్పాక్ పొట్టలో ఇనుపముక్క దిగింది, మెకాయ్ దగ్గర మందుల్లేవు. కాల్చిన లోహంతో గాయం మూస్తూ ఆయన తిడుతుంటాడు, ఈయన నొప్పికి తర్కం చెబుతుంటాడు. ఒకచోట స్పాక్ నవ్వుతాడు. నిజంగా నవ్వుతాడు, మెకాయ్‌కి భయం వేస్తుంది. నిమోయ్, కెల్లీ ఇద్దరూ 79 ఎపిసోడ్లలో ఇలా ఎంతసేపు గడిపి ఉంటారో అంతా ఇందులో పిండారు.

లిన్ గురించి నాకూ అనుమానమే ఉండేది. కానీ ఆయన చిన్నప్పుడు ఇంట్లో పాత సీరియల్ చూస్తూ పెరిగినవాడు, ఆ మమకారం కనిపిస్తుంది.

విలన్ క్రాల్ ఎవరన్నది చెప్పను. పగ ఉంది, ఒప్పుకుంటాను. కానీ దాని వెనక ప్రశ్న మంచిది: యుద్ధం కోసం తయారైన మనిషికి శాంతి వచ్చాక ఏం పని? 2161లో గ్రహాల కూటమి ఫెడరేషన్ ఏర్పడ్డాక నిన్నటిదాకా చంపినవాళ్లతో చేతులు కలపమంటే కలపలేనివాడు ఏమవుతాడు? ఇది ట్రెక్ ప్రశ్నే, చెవులూ.

నిమోయ్ 2015 ఫిబ్రవరి 27న పోయాడు. చెకోవ్‌గా వేసిన యెల్చిన్ 2016 జూన్ 19న ప్రమాదంలో పోయాడు, అప్పటికి సినిమా విడుదలకి నెలే ఉంది, ఆ కుర్రాడికి ఇరవై ఏడేళ్లు. సినిమాలో లేనివాళ్లని తలుచుకుని కిర్క్ గ్లాసెత్తితే కెమెరా చెకోవ్ మీద ఆగుతుంది. ముసలి స్పాక్ వదిలిన పెట్టెలో ఒక ఫొటో ఉంటుంది. అదేంటో చెప్పను. అక్కడ మాత్రం ఒక్కడివే చూడు.

పేరుకి సీరియల్ యాభయ్యో ఏడాది సినిమా. 18 కోట్ల 50 లక్షల డాలర్లు పెడితే ప్రపంచమంతా కలిపి 34 కోట్ల చిల్లర వచ్చింది. రెండోదానికి 46 కోట్లు వచ్చాయి. మూడింట్లో మంచిదానికి తక్కువ డబ్బులు. ఆ తర్వాత నాలుగోది వస్తుంది వస్తుంది అనడమే కానీ రాలేదు.

స్పాక్‌చెవులు

రాత్రి చూశాను. అద్దెకి తీసుకుని. బాబాయ్ ఖాతాలో రాసుకుంటాను ఆ డబ్బు.

ముందు తిట్లు. మోటార్‌సైకిల్ ఉన్నచోట ఉంది, నేను చెప్పింది అదే. ఇద్రిస్ ఎల్బా లాంటి నటుణ్ణి రబ్బరు మాస్కులో కప్పెట్టి గంటన్నర గర్జించమన్నారు. వాడెవడో తెలిసే వీడియో సినిమా మొదట్లోనే పడుంటే ఆ ప్రశ్న నిజంగా నిలబడేది. చివర్లో ఎలాగో తెలిసింది, పది నిమిషాలకి పోయాడు. కిర్క్ అతనితో మాట్లాడబోయాడు, అది లెక్కలోకి తీసుకున్నాను. ఆయుధం దించిన సీను కోసం అడిగాను కదా, సగం దించాడు. పాట పెట్టి శత్రు ఓడల్ని పేల్చే చోట నా చెయ్యి నుదుటి మీదికి పోయింది. మా ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టింది.

జేలా బాగుంది. పాడుబడ్డ ఓడని ఇల్లు చేసుకున్న పిల్ల. పాత ఫ్రాంక్లిన్ ఓడ ఇంకా బాగుంది, ‘ఎంటర్‌ప్రైజ్’ సీరియల్ కాలపు సామాను మొత్తం గుర్తుపట్టాను. అది పెట్టినవాడికి నా నమస్కారం.

స్పాక్, మెకాయ్ సీన్లు రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఫొటో దగ్గర ఆపేసి కాసేపు నీళ్లు తాగాను.

పదికి ఏడు. వల్కన్ సంగతి ఇంకా మర్చిపోలేదు.

పాతరీలు

ఏడా! మన దగ్గర ఏడంటే పండగే.

మధ్యాహ్నం_ఆట

ఇన్నేళ్ల పట్టుదల ఒక్క రాత్రిలో పోయింది. అద్దె డబ్బు ఎవరిస్తున్నారో తేల్చండి ముందు.

వరంగల్_వార్ప్

చెవులన్నా, ఇగ నువ్వు చెప్పిన ‘డెవిల్ ఇన్ ది డార్క్’ మల్ల చూస్త ఈ ఆదివారం. మా చెల్లె కొడుకు పదేండ్లోడు, వాన్ని కూసోవెడ్త. వానికి 2009ది చూపిచ్చిన, మస్తు నచ్చింది. పాతది ఏది ముందు చూపియ్యాలె? బోరు కొట్టొద్దు.

స్పాక్‌చెవులు

పదేళ్లవాడికి ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ ముందు పెట్టు. 1966. రోములన్లు మొదటిసారి కనబడేది అందులోనే. రెండు ఓడలు, జలాంతర్గాముల్లా ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. నీరోని చూశాడు కాబట్టి రోములన్లంటే ఎవరో వాడికి తెలుసు, కానీ ఇందులో అవతలి కమాండర్ మీద గౌరవం పుడుతుంది. తర్వాత నీ ఇష్టం.

ఒక్క షరతు. 2006లో కంప్యూటర్ గ్రాఫిక్స్ అతికించిన కొత్త ప్రింటు వద్దు. పాత బొమ్మ ఓడలతో ఉన్నది చూపించు.

వరంగల్_వార్ప్

స్ట్రీమింగ్‌ల కొత్తదే ఉంటది కదన్నా. పాతది ఏడ దొర్కుతది?

నక్షత్ర

బ్లూరే డిస్కుల్లో రెండూ ఉన్నాయి, రిమోట్‌తో మార్చుకోవచ్చు. అయినా పిల్లవాడికి కొత్తదే చూపించండి. గ్రాఫిక్స్ ఒద్దికగానే చేశారు, కథ ముట్టుకోలేదు.

స్పాక్‌చెవులు

ఒద్దికగానా? మీరు ఆ కొత్త గ్రహాలు చూశారా అసలు? ఆగండి, దీనికి వేరే దారం తెరుస్తున్నాను.